చేపు

పదకొండో దినం దూడ చచ్చిపోయింది.
చెంగల్రాయుడు గోనెసంచిలో చుట్టి
మామిడితోపు గట్టున పూడ్చి వచ్చినాడు.
చేతులు కడుక్కుని
"పాలు పిండు" అన్నాడు.

చుక్క చేపలేదు.

గోరువెచ్చటి నీళ్ళతో పొదుగు కడిగినా,
తవుడులో బెల్లం కలిపి పెట్టినా,
రాయి.
నా గాజుల చప్పుడుకే చేపే ఆవు అది.
కొట్టంలో కాలు పెడితే చాలు
చన్నుమొనల్లో తెల్లగా బొట్టు నిలిచేది.
ఇప్పుడు తల తిప్పి గుంజకేసి చూస్తుంది,
దూడను కట్టే గుంజ.
పలుపు ఇంకా దానికే ఉంది.
నేనే తీయలేదు.

నాలుగు దినాలు.
బంగారుపాళెం పాలసెంటర్లో
మా కార్డు మీద వరసగా సున్నాలు.
గ్రూపు అప్పుకు కంతు పదో తేదీ.
కంతుకు దూడ సంగతి ఎవరు చెప్పేది?

ఐదోనాడు పొద్దుగూకినాక
దామోదరం అంగట్లోంచి
పైన కాగితం లేని సీసా వచ్చింది.
ముప్ఫై రూపాయలు.
"అందరూ వేసేదే. మెడకాడ గుచ్చు, ఎగరదు" అన్నాడంట.
ఎగిరింది.
తోలు కింద ఏదో పాకినట్టు ఒళ్ళంతా వణికి
చెవులు వాల్చేసి
రెండు నిమిషాలకు
నేను చెయ్యి వెయ్యకముందే
కారింది.

ఏడు లీటర్లు.
సెంటర్లో గంగులప్ప మిషన్ చూసి
"వెన్న బాగుందే వళ్ళెమ్మా" అన్నాడు.
మిషన్ వెన్నను చూస్తుంది,
నీళ్ళు కలిపితే చూస్తుంది.
అంతే చూస్తుంది.

ఆ మందుకు రంగు లేదు, వాసన లేదు.
పశువుల డాక్టరు వెంట తిరిగే సెల్వి
ఒకనాడు గూట్లో చూసి దాని పేరు చెప్పింది.
మునుపు విన్న పేరే.
చిత్తూరు పెద్దాసుపత్రి, కిటికీ పక్క మంచం,
నొప్పులు రాక పడుకోనుంటే
నర్సమ్మ సెలైన్‌లోకి ఎక్కించి
"బిన్నా అయిపోతాదిలే" అనింది.
నన్ను అడగలేదు. నేనూ అడగలేదు.
ఊపిరి పీల్చుకునే సందు కూడా లేకుండా
నొప్పి మీద నొప్పి ఎక్కి వచ్చింది.
ఆడబిడ్డ.

"నీ ఒంట్లోనూ ఊరేదే కదక్కా,
బిడ్డ ఏడిస్తే రవిక తడిసేది దానివల్లే" అనింది సెల్వి.
"రోజూ వేస్తే మాత్రం ఆవు సూదికి మరిగిపోతాది.
పట్టుకుంటే కేసు కూడా."
టీ తాగి పోయింది.

అప్పటి నుంచి నాకది మందులాగ కనపడడం లేదు.
ఎవరో ఒక దూడ అరుపును
పలచగా నీళ్ళలో కలిపి
సీసాకు పోసి
మూత బిగించినట్టుంది.
దాన్ని సూదిలోకి లాగి
దూడ లేని ఆవుకు
పొద్దన ఒకసారి, మాపటికి ఒకసారి
వినిపిస్తున్నాను.
అది నమ్ముతుంది.
రెండుసార్లూ నమ్ముతుంది.

ఈ మధ్య మూత తీసిన టిక్కుమనే చప్పుడుకే
దాని తోలు వణుకుతుంది.
గాజులను మరిచిపోయింది.

నిన్న చెంగల్రాయుడు పుంగనూరు సంతకు పోయినాడు.
సూదిని గూట్లోనే ఉంచి
గుంజ నుంచి పలుపు విప్పి తెచ్చి
చుక్క ముందర వేసినాను.
వాసన చూసింది. నాకింది.
దాని డొక్కకు నొసలు ఆనించి
చేతులు ఒళ్ళో పెట్టుకుని
ఊరికే కూచున్నాను.
లోపల ఎక్కడో గుడగుడమని, మళ్ళీ గమ్మున.
దోమలు. వేపాకు పొగ.
రోడ్డు మీద పాలబండి హారన్ కొట్టి
కొంచేపు నిలబడి
పోయింది.

చీకటి పడినాక
అరచెంబు.
నేను పిండలేదు, అదే ఇచ్చింది.

ఎవరికి పోయాలో తోచక
చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడినాను.

ఆయన తిరిగొచ్చి బక్కెట్టు చూసినాడు.
ఏమీ అనకుండా గూట్లో చూసినాడు.
సీసాలో నాలుగు పూటలకు మందుంది.
కంతుకు ఇంకా ఆరు దినాలుంది.